అనిమేలో దొర ఎందుకు కనిపించడు?

హైదరాబాద్ శివారు చెంగిచెర్లలో మా వీధిలో ఇంటర్ చదివే కుర్రాడొకడున్నాడు. వాళ్ల నాన్న చర్లపల్లి పారిశ్రామికవాడలో కాంట్రాక్టు లేబర్. కుర్రాడికి ‘వన్ పీస్’ అనే అనిమే అంటే ప్రాణం. మొన్నొక సాయంత్రం నన్నడిగాడు: “అంకుల్, మీరు చెప్పే పాత సినిమాలల్ల దొర ఉంటడు, కూలోళ్లుంటరు, యూనియన్ ఉంటది. అనిమేల గవేవీ ఉండవెందుకు? జపాన్‌ల పేదోళ్లు లేరా?”

వాడికి అప్పటికేదో చెప్పాను గానీ, అది నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. నిదానంగా చూద్దాం.

అనిమే (జపాన్‌లో తయారయ్యే బొమ్మల సినిమాలు, సీరియళ్లు) పేదల్ని చూపించదనడం సరికాదు. సతోషి కోన్ తీసిన ‘టోక్యో గాడ్‌ఫాదర్స్’ (2003)లో ముఖ్యపాత్రలు ముగ్గురూ ఇల్లు లేనివాళ్లే. హయావో మియాజాకి తీసిన ‘స్పిరిటెడ్ అవే’ (2001)లో పదేళ్ల పిల్ల ఒక స్నానాల గృహంలో పనికి కుదురుతుంది. కాగితం మీద సంతకం పెట్టించుకున్న యజమానురాలు ఆ పిల్ల పేరే లాగేసుకుంటుంది. పనిలో చేరినవాడు తన పేరు మరిచిపోవడం అంటే ఏమిటో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లున్న ఏ ఇంట్లోనైనా తెలుస్తుంది. ‘వన్ పీస్’లోనైతే మనుషుల్ని బానిసలుగా కొనుక్కునే ప్రభువులే ఉన్నారు. ఇంత ఉన్నా ఒకటి లేదు. వర్గం (ఆస్తి ఎవరిది, కష్టం ఎవరిది అన్న లెక్కలో మనుషుల మధ్య ఏర్పడే విభజన) అన్న మాట పైకి రాదు. అన్యాయం ఉంటుంది. దాన్ని నడిపే వ్యవస్థకు నేటి పేరు మాత్రం ఉండదు. దోచుకునేవాడు మంత్రగత్తె అవుతాడు, రాక్షసుడవుతాడు, వేరే లోకపు రాజవుతాడు. కంపెనీ యజమాని మాత్రం అరుదుగా అవుతాడు.

కారణం వెతకడానికి ముందు టోక్యోకు పోనక్కర్లేదు. మన పక్కనున్న నాచారంతో మొదలుపెడదాం.

నాచారంలో ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణ స్టూడియోస్ ఉండేది. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ ఆయన సినిమాయే. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే. కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు కూడా ఆయనే. కొండవీటి వెంకటకవి మాటలు రాశారు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి నీ కులమేమిటని అడ్డుకున్నప్పుడు, సుయోధనుడు లేచి అక్కడున్న పెద్దలందరి పుట్టుకల గురించీ నిలదీస్తాడు. తెలుగువాళ్లకు ఆ ఘట్టం కంఠతా వచ్చు. పుట్టుకతో గొప్ప, తక్కువ ఏమిటన్న ప్రశ్నను అంత గట్టిగా వేసిన సినిమా అంతగా ఆడింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఆ ప్రశ్న మహాభారతం ముసుగులో వచ్చింది. రెండు, డబ్బు పెట్టిందీ మాట చెప్పిందీ ఒకే మనిషి. ఈ మాట ఉంచాలా తీసేయాలా అని ఆయన ఇంకొకరిని అడగవలసిన పని లేదు.

ముసుగు కూడా లేకుండా మాట్లాడిన తెలుగు సినిమాలూ ఉన్నాయి. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాణంలో తయారైన ‘మా భూమి’ తెలంగాణ సాయుధ పోరాటాన్ని నేరుగా చూపింది. మాదాల రంగారావు, ఆర్. నారాయణమూర్తి ఎర్రజెండా సినిమాలు సొంతంగా తీసుకున్నారు. ఆ సినిమాలకు డబ్బు తిరిగి వచ్చేది టికెట్ల మీద. బెంచీ టికెట్ కొన్న కూలీయే వాటికి ఆదాయం. కాబట్టి కూలీకి నచ్చే మాట చెప్పడం వ్యాపారానికి అడ్డు కాలేదు.

అనిమేలో ఈ లెక్క తలకిందులైంది. 1963 జనవరి 1న ఫుజి టీవీలో ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ మొదలైంది. వారం వారం ప్రసారమయ్యే అరగంట బొమ్మల సీరియల్‌కు జపాన్‌లో అదే దారి వేసింది. తెజుకా దాన్ని టీవీకి తయారీ ఖర్చు కన్నా తక్కువకే ఇచ్చాడు. లోటు పూడ్చింది పాత్రల హక్కులు. చాక్లెట్లు చేసే మెయిజీ కంపెనీ దానికి స్పాన్సర్. ఆ రోజు నుంచి అనిమేకు అన్నం పెట్టేవాడు చూసేవాడు కాదు, బొమ్మ మీద సరుకు అమ్మేవాడు. చూసేవాడు ఆ సరుకు కొనే పిల్లవాడు.

ఆ సరుకు అమ్ముడుపోకపోతే ఏమవుతుందో 1979లో ‘గండమ్’ అనే సీరియల్ అనుభవించింది. భూమి మీది ప్రభుత్వానికి, అంతరిక్షంలో స్థిరపడిన వలస జనానికి మధ్య యుద్ధం దాని కథ. రాజకీయం నిండుగా ఉంది. స్పాన్సర్ క్లోవర్ అనే ఆటబొమ్మల కంపెనీ. బొమ్మలు ఆశించినట్టు పోలేదు, 52 భాగాలనుకున్న సీరియల్ 43కే ఆగింది. తర్వాత పునఃప్రసారాల్లో ఆదరణ పెరిగి, బందాయ్ కంపెనీ ప్లాస్టిక్ నమూనాలు విపరీతంగా అమ్ముడయ్యాక ఆ కథకు మళ్లీ ప్రాణం వచ్చింది. కథ బతికిందా చచ్చిందా అన్నది బొమ్మల దుకాణం తేల్చింది.

1990ల తర్వాత ఇంకో పద్ధతి స్థిరపడింది. దాన్ని నిర్మాణ సమితి (పలు కంపెనీలు వాటాలు వేసుకుని ఒక అనిమేకు పెట్టుబడి పెట్టే ఏర్పాటు) అనవచ్చు. మాతృకైన మాంగా (జపాన్ బొమ్మల కథల పుస్తకం) అచ్చువేసే ప్రచురణ సంస్థ, టీవీ చానల్, పాటలమ్మే కంపెనీ, ప్రకటనల సంస్థ, ఆటబొమ్మల కంపెనీ, ఇంత మంది కలుస్తారు. నష్టం వస్తే అందరూ పంచుకుంటారు. అది మంచి ఏర్పాటే. కానీ పదిమంది వాటాదార్లు ఒప్పుకున్న కథే బయటకొస్తుంది. అక్కడ ఎవరూ కత్తెర పట్టుకుని కూర్చోరు. ఎవరికీ ఇబ్బంది కలగని కథ ముందుకు జరుగుతుంది, ఇబ్బంది పెట్టేది బల్ల మీదికే రాదు. ‘దానవీరశూరకర్ణ’లో ఒక్క మనిషి తెగించి పెట్టిన మాటను ఇలాంటి బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు పెట్టగలిగేవారా అన్నది నా సందేహం.

ఈ ఏర్పాటులో బొమ్మలు గీసే స్టూడియోకు చాలాసార్లు వాటా ఉండదు. పనికింత అని ఒప్పందం సొమ్ము అందుతుంది. స్టూడియో కింద పనిచేసే చాలామందికి గీసిన బొమ్మల లెక్కన కూలి. తెలంగాణలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు వెయ్యికింత అన్నట్టే. అంటే వర్గం అనిమే తెర మీద లేదు గానీ, తెర వెనక బల్ల దగ్గర కూర్చునే ఉంది. ‘షిరోబాకో’ (2014) అనే సీరియల్ ఆ బల్లనే చూపించింది. రాత్రుళ్లు మేలుకోవడం, గడువు తరుముకు రావడం, అన్నీ ఉన్నాయి. అయితే అందులో గెలుపంటే అందరూ కలిసి పనిని వేళకు పూర్తిచేయడం. కూలి ఎవరు నిర్ణయిస్తున్నారన్నది కథకు కేంద్రం కాలేదు.

ఒకప్పుడు అక్కడా యూనియన్ గట్టిగా ఉండేది. 1956లో మొదలైన తోయి బొమ్మల స్టూడియోలో 1960లలో ఇసావో తకాహతా, హయావో మియాజాకి యూనియన్ నాయకులు. వాళ్లిద్దరూ పనిచేసిన ‘హోరస్’ (1968) సినిమాలో ఊరంతా ఏకమై మంచు రాక్షసుణ్ణి ఎదిరిస్తుంది. యూనియన్ రోజుల ఛాయ అందులో కనిపిస్తుంది. అదీ జానపద కథ ముసుగులోనే వచ్చింది. హాళ్లలో ఎక్కువ రోజులు ఆడనూ లేదు.

ఇక జపాన్ సమాజం సంగతి. 1970ల నుంచి ప్రభుత్వ సర్వేల్లో పదిమందిలో తొమ్మిదిమంది తాము మధ్యతరగతి అనే చెబుతూ వచ్చారు. అందరూ మధ్యతరగతే అనుకునే చోట ‘మీ వర్గం, మా వర్గం’ అన్న కథకు శ్రోత దొరకడు. దానికి తోడు 1971-72 చలికాలంలో యునైటెడ్ రెడ్ ఆర్మీ అనే చిన్న సాయుధ బృందం సొంత సభ్యుల్నే డజను మందిని చంపుకుంది. ఆ బృందంలో మిగిలిన కొందరు కొండల్లో ఒక విడిది గృహంలో మనిషిని బందీగా పెట్టుకుంటే, పోలీసుల దాడిని దేశమంతా టీవీలో చూసింది. ఆ తర్వాత విప్లవం, వర్గం అన్న మాటలకు ఇళ్లలో భయం అంటుకుంది.

మన దగ్గర ఆ మాటలు వేరే దారిలో ఇంట్లోకొచ్చాయి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి వాటిని బుర్రకథలోకి, పాటలోకి ఎక్కించింది. దొర, వెట్టి, జీతగాడు, కామందు అన్నవి మన ముసలమ్మలు వాడే మాటలు, పార్టీ పుస్తకంలో మాత్రమే ఉండేవి కావు. సినిమావాడు వాటిని కొత్తగా నేర్పనక్కర్లేదు. అందుకే మా కుర్రాడికి అనిమేలో ఆ లోటు తెలిసింది.

అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ చెప్పాలి. చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, కబేళా ఉంది. పశువు సరుకుగా ఎలా మారుతుందో మా ఊరికి తెలియని సంగతి కాదు. ‘సిల్వర్ స్పూన్’ (2013) అనే అనిమే సరిగ్గా దాని గురించే. హొక్కైదో దీవిలో పాడి రైతుల ఇంట పుట్టిన హిరోము అరకవా రాసిన కథ. పట్నం కుర్రాడొకడు వ్యవసాయ పాఠశాలలో చేరతాడు. ముద్దుగా పెంచిన పందిపిల్ల మాంసంగా తిరిగి వస్తుంది. రెండో భాగంలో కొమాబా అనే స్నేహితుడి పాడి క్షేత్రం అప్పుల్లో మునిగిపోతుంది. ఆవుల్ని అమ్మేస్తారు. వాడు బేస్‌బాల్ మానేసి, చదువు మానేసి పనికి పోతాడు. మన రైతు కుటుంబాల్లో జరిగేది ఇంతకన్నా వేరా? నేను చూసిన అనిమేల్లో డబ్బు గురించి ఇంత నిజాయితీగా మాట్లాడింది తక్కువ.

అయినా గమనించండి. అప్పు ఉంది, దివాలా ఉంది, కన్నీళ్లున్నాయి. పాల ధర ఎవరు నిర్ణయిస్తారు, చిన్న రైతే ఎందుకు ముందు కూలుతాడు అన్న దగ్గర కథ ఎక్కువసేపు ఆగదు. స్నేహితులు ఎలా తట్టుకున్నారన్న వైపు తిరుగుతుంది. ఇది రచయిత్రి లోపమని నేననను. ఆ కథ వచ్చింది కుర్రాళ్ల వారపత్రికలో. ఆ జాతి పత్రికల్లో పేరున్న ‘షోనెన్ జంప్’కు మూడు సూత్రాలు ప్రసిద్ధం: స్నేహం, శ్రమ, విజయం. కష్టపడితే గెలుస్తావు అన్నది దాని సారం. మన కార్పొరేట్ కాలేజీ హోర్డింగు చెప్పేదీ అదే. ఓడినవాడు తక్కువ కష్టపడ్డాడనే అర్థం అందులో దాగి ఉంటుంది. వాడు ఎక్కడి నుంచి పరుగు మొదలుపెట్టాడన్న ప్రశ్న అందులో ఇమడదు.

ఇది జపాన్ జబ్బు మాత్రమే కాదు. హైదరాబాద్‌లోనే గ్రీన్ గోల్డ్ సంస్థ 2008 నుంచి ‘ఛోటా భీమ్’ తీస్తోంది. ఢోలక్‌పూర్‌లో రాజు ఇంద్రవర్మ మంచివాడు. ఆపద ఎక్కువగా బయటి నుంచి వస్తుంది. ఊళ్లో ఎవరి భూమి ఎంత అన్న మాట రాదు. చిన్నపిల్లల సీరియల్‌లో అది రావాలని కూడా నేను కోరను. కానీ టీవీ చానల్ మీద, బొమ్మలున్న బ్యాగుల మీద, టీషర్టుల మీద బతికే కథకు టోక్యో అయినా హైదరాబాద్ అయినా హద్దులు ఒకటే.

ముసుగు వల్ల ఒక లాభం ఉంది, కాదనను. మంత్రగత్తె లాక్కున్న పేరు కథ సముద్రాలు దాటి చెంగిచెర్ల పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. నష్టమూ ఉంది. రాక్షసుడు చచ్చాక కథ అయిపోతుంది. కాంట్రాక్టు పద్ధతి ఏ ఒక్కడు చచ్చినా పోదు. ఈ తేడాను అనిమే చెప్పడం లేదు కనుక ఇంట్లో పెద్దవాళ్లం చెప్పాలి.

అందుకని పిల్లలతో కూర్చుని చూసే తల్లిదండ్రులకు ఒక మనవి. కథ అయిపోగానే ఫోన్ పక్కన పెట్టేయకండి. చివర్లో వచ్చే పేర్లను పూర్తిగా నడవనివ్వండి. జపాన్ లిపి చదవడం రాకపోతే ఫోన్ కెమెరాయే అనువదించి చూపిస్తుంది. చాలా అనిమేల్లో నిర్మాణ సమితి పేరు అక్కడ కనిపిస్తుంది. అంతకుముందు వరుసగా పోయే చిన్న అక్షరాల్లో మధ్య బొమ్మలు (ఒక భంగిమకు, మరో భంగిమకు నడుమ కదలిక చూపే బొమ్మలు) గీసినవాళ్ల పేర్లుంటాయి. జపాన్ పేర్లతో పాటు కొరియా, చైనా, వియత్నాం స్టూడియోల పేర్లూ తరచుగా ఉంటాయి. బొమ్మకింత అని కూలి తీసుకునేది వాళ్లే.