వరద నీరు – ఎదురెక్కు చేప

మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప తినవలెనన్న వాడుక హైదరాబాదు నగరమున ఇంటింట కలదు. జూన్ మొదటి వారము గడచిన వెంటనే బజారులలో చేపల ధర పెరుగుటకు అదియే కారణము. అయితే ఆ కార్తె గడచి, వానలు ముదిరి, వాగులు పొంగిన తరువాత మరియొక చేపల వేడుక మొదలగును. ఇది బజారులో కాక ఏటి గట్టున జరుగును. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, నాగోలు, ఎల్.బి. నగర్ ప్రాంతముల వారికి ఇది కొత్త కాదు. జంట జలాశయముల తలుపులు ఎత్తినారను వార్త వినగానే కొందరు గాలములతో, కొందరు విసురు వలలతో మూసీ గట్టునకు చేరుదురు. సరూర్‌నగర్ చెరువు నిండినప్పుడును ఇదే సందడి.

ఈ సందడిని చూచినప్పుడు మూడు ప్రశ్నలు తోచును. నీరు పెరిగినప్పుడే చేప యేల చిక్కును? ఆ సమయమున దానిని పట్టుట మంచిదేనా? పట్టిన దానిని ఇంటికి తెచ్చి వండవచ్చునా? ఈ మూడింటికి సమాధానములు వేరువేరుగా ఉన్నవి.

ముందుగా నీటి సంగతి. మూసీ అనంతగిరి కొండలలో పుట్టి, నగరము నడుమనుండి ప్రవహించి, నల్లగొండ సీమను దాటి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ నిర్మింపబడినవి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తి అయినవి. ఉస్మాన్‌సాగర్ నిండు మట్టము 1790 అడుగులు, హిమాయత్‌సాగర్ నిండు మట్టము 1763.50 అడుగులు. మట్టము ఆ అంకెను సమీపించినప్పుడు తలుపులు ఎత్తుదురు.

"ఇన్ని క్యూసెక్కుల నీరు విడుదల చేసినారు" అని మేము వార్తలలో చదువుచుందుము. క్యూసెక్కు అనగా సెకనునకు ఒక ఘనపుటడుగు నీరు; సుమారు 28 లీటర్లు. పదివేల క్యూసెక్కులనగా సెకనునకు 2 లక్షల 83 వేల లీటర్లు. మూసారాంబాగ్ వంతెనపై నిలుచున్న వాని కాళ్ల క్రింద ఒక్క సెకనులో అన్ని నీళ్లు జారిపోవుచున్నవని భావించినచో ఆ మాట బరువు తెలియును. 2025 సెప్టెంబరు 26, 27 తేదీలలో మూసీ పొంగినప్పుడు మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి నీరు ప్రవేశించినది. మూసారాంబాగ్ వంతెన మునిగినది.

ఇక చేప సంగతి. వరద నీటిలో గాలము వేయుట ఒక విద్యగా పెరిగిన దేశములలో ఇంగ్లండు ముఖ్యమైనది. అక్కడి నదులలో బార్బెల్ అనియు, చబ్ అనియు రెండు చేపలు కలవు. 1653లో ఐజాక్ వాల్టన్ ప్రకటించిన జాలరి గ్రంథమునందే ఈ రెంటికి వేరువేరుగా చోటు దొరికినది. బార్బెల్‌కు మూతి క్రిందివైపునకు తిరిగి యుండును; మూతికి నాలుగు మీసములుండును. చబ్‌కు మీసములు లేవు. నోరు వెడల్పు, ఏది దొరికిన అది మ్రింగును. ఏరు ఎఱ్ఱబారి పొంగినప్పుడు తక్కిన చేపలు మేత మానినను ఈ రెండు తినుచునే యుండును. కంటికి కానరాని బురద నీటిలో బార్బెల్ తన మీసములతో అడుగును తడవి, రుచిని బట్టి మేతను కనుగొనును. కావుననే అచ్చటి గాలపువారు వరదలో వాసన మెండుగా గల ఎరను వాడుదురు.

అంత వడిలో చేప ఎట్లు నిలుచును? ఏటి నీరు అంతటను ఒకే వడితో పారదు. నడుమ, పైభాగమున వడి హెచ్చు. అడుగున, గట్టు ప్రక్కను తక్కువ. వంతెన స్తంభము వెనుక, పడిన చెట్టు చాటున, గట్టు మలుపున నీరు సుడి తిరిగి మందగించును. చేపకు బలమును వృథా చేసికొను కోరిక లేదు. అది మంద నీటిలో నిలిచి, ప్రక్కనుండి పోవు వడి నీరు తెచ్చు మేతను అందుకొనును. వడి నీటికిని మంద నీటికిని నడుమ పైన ఒక గీత వలె కనబడు చోటున గాలము వేయువాడే నేర్పరి. నీరు పెరుగుచున్నప్పటికంటె తీయుచున్నప్పుడు, చల్లని వరదకంటె వెచ్చని వరదలో చేప బాగుగా తినునని వారి అనుభవము.

ఈ చేపల బంధువులు మనకును కలవు. బొచ్చె, రోహు, మృగాల, బంగారుతీగ, చిన్న పరిగె మొదలైనవన్నియు బార్బెల్ చేరిన పెద్ద కుటుంబములోనివే. దానికి మిక్కిలి దగ్గర చుట్టము మహాశీర్. దక్కను మహాశీర్‌ను 1839లో సైక్స్ దొర పూనా దగ్గరి ముళా–ముఠా నదిలో చూచి వర్ణించినప్పుడు దానిని బార్బెల్ జాతిలోనే చేర్చెను. ఆ ముళా–ముఠా నీరు భీమలో కలియును, భీమ కృష్ణలో కలియును. మన మూసీయు కృష్ణకు చేరునదే గదా.

అయితే చుట్టరికము ఒక్కటే చాలదు. ఇంగ్లండు చేపకును మన చేపకును వరద విషయమున గొప్ప భేదము కలదు. అచ్చటి బార్బెల్, చబ్ వసంత, గ్రీష్మములలో గ్రుడ్లు పెట్టును. అందుచేత అచ్చటి నదులలో మార్చి 15 నుండి జూన్ 15 వరకు గాలము వేయుట నిషిద్ధము. ఆ చేపకు వరద కేవలము మేత కాలము. మన బొచ్చె, రోహు, మృగాలలకు వరద సంతాన కాలము. తొలకరి తరువాత కొత్త నీరు వచ్చి, ఏరు ఒడ్డులు దాటి, పల్లపు గడ్డి నేలలు మునిగినప్పుడే అవి గ్రుడ్లు పెట్టును. దానికొరకే అవి ప్రవాహమునకు ఎదురెక్కును. కిలో బరువునకు లక్షకు పైబడి గ్రుడ్లు ఉండును. పొదిగిన గ్రుడ్డు ఒక దినము లోపలనే పిల్ల యగును. ఆ పిల్లకు మునిగిన గడ్డి నేల ఉయ్యాల వంటిది.

ఈ చేపలు నిలువ నీటి చెరువులో పెరుగును గాని సామాన్యముగా గ్రుడ్లు పెట్టవు. చేపల పెంపకమునకు ఇది చిరకాలము పెద్ద చిక్కుగా ఉండెను. పిల్లలు కావలెనన్న వరద నదులలోనే ఏరి తెచ్చుకొనవలసి వచ్చెడిది. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి, ఆలికున్ని అను శాస్త్రజ్ఞులు చేప మెదడు క్రింది గ్రంథి రసమును సూదిమందుగా ఎక్కించి గ్రుడ్లు పెట్టించిరి. ఆ దినమునే నేడు జాతీయ మత్స్యకారుల దినముగా జరుపుచున్నారు. సూదిమందు చేసిన పనిని ప్రకృతిలో చేయునది వరద నీరే.

తెలుగువారికి దీనిని వివరింప ఒక మాట చాలును: పులస. పుస్తెలమ్మి యైనను పులస తినవలెనని గోదావరి సీమ సామెత. ఆ పులస సముద్రమునుండి వరద గోదావరికి ఎదురెక్కునది గ్రుడ్లు పెట్టుటకే. 1847–1852 నడుమ ధవళేశ్వరము వద్ద కాటన్ దొర ఆనకట్ట కట్టిన తరువాత దాని దారి అక్కడనే తెగినది. గంగపై 1975లో ఫరక్కా వద్ద అడ్డుకట్ట పనిచేయ మొదలిడిన పిమ్మట ఎగువ గంగలోను ఇదే జరిగినది. కట్టలు మనకు అన్నము పెట్టినవి. ఆ మేలు మరువరాదు. కాని చేపకు మెట్లదారి ఒకటి విడువవలెనన్న తలంపు మన దేశమున ఆలస్యముగా వచ్చినది.

మూసీ కథయు ఇట్టిదే. 1963లో సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు పూర్తి అయినది. దానికి ఎగువన ఆసిఫ్ నహర్, పిల్లాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డిపల్లి కాలువలకు నీరు మళ్లించు కత్వలు కలవు. కృష్ణలో బయలుదేరిన చేప ఇన్నింటిని దాటి నాగోలునకు రాజాలదు. పెద్ద వరదలో కత్వ మునిగి, ఎగువ నీరును దిగువ నీరును ఒకటైనప్పుడు మాత్రము అక్కడి చేపకు కొంత దూరము దారి దొరకును. అందువలన మూసారాంబాగ్ దగ్గర గాలమునకు తగులు చేప చాలవరకు క్రిందినుండి ఎక్కినది కాదు. జలాశయముల తలుపుల నుండి, చెరువుల అలుగుల నుండి కొట్టుకొని వచ్చినది. దానికి ఎదురెక్కవలెనను ప్రేరణ ఉండును, దారి ఉండదు. అందుచేతనే అది కత్వ క్రింద, వంతెన క్రింద గుంపుగా నిలిచి వలకు తేలికగా చిక్కును. వరదలో చేప యేల చిక్కుననుటకు ఇదియే సమాధానము. అట్లు చిక్కిన దాని పొట్టలో తరచుగా గ్రుడ్లుండును. దానిని పట్టుట విత్తనపు వడ్లను దంచి వండుకొనుట వంటిది. ఇది రెండవ ప్రశ్నకు సమాధానము.

మూడవ ప్రశ్న ఇంటి ఇల్లాండ్రకు ముఖ్యమైనది. నగరము దాటునప్పటికి మూసీ నీరు గండిపేట నీరు కాదు. నాలాలన్నియు దానిలోనికే దిగును. దానిని శుద్ధి చేయుటకు అంబర్‌పేటలో దినమునకు 339 మిలియన్ లీటర్ల కేంద్రమును, నాగోలులో 172 మిలియన్ లీటర్ల కేంద్రమును ముందుగా కట్టిరి. తరువాత మరికొన్ని వచ్చినవి. అయినను శుద్ధి కాని నీరును కలియుచునే యున్నది. శుభ్రమైన నీటిలో 25 డిగ్రీల వేడిమి వద్ద లీటరునకు సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగి యుండును. తొలి వాన నాలాల మడ్డిని కదిలించి తెచ్చినప్పుడు అది కుళ్లుచు ఆ ప్రాణవాయువును హరించును. అప్పుడు చేపలు పైకి తేలి నోరు తెరచును. చూచువారు అదృష్టము పండినదని వల విసరుదురు. నిజమునకు ఆ చేప ఊపిరాడక వచ్చినది. కొరమీను, మార్పు వంటివి గాలిని పీల్చగలవు గనుక అట్టి నీటిలోను బ్రతుకును. బ్రతికినంత మాత్రమున అవి శుభ్రమైనవని కాదు. మురుగులోని లోహములు, మందుల అవశేషములు వాని శరీరమున చేరవచ్చును. 2022లో యార్క్ విశ్వవిద్యాలయము వారి ఆధ్వర్యమున 104 దేశములలోని 258 నదులలో మందుల అవశేషములను పరీక్షించిరి. ఆ నదులలో మన మూసీయు ఒకటి. ఎంత కడిగినను, ఎంత పులుసు పోసినను లోహము పోదు. కావున నగరపు మూసీ చేపను, అందును పసిపిల్లలకు, గర్భిణులకు పెట్టకుండుటయే మేలు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. పారు నీరు మనిషిని నెట్టు బలము వడితో సమానముగా పెరుగదు. వడి రెండింతలైన బలము నాలుగింతలగును, మూడింతలైన తొమ్మిదింతలగును. మోకాలి లోతు నీరే గదా యని దిగినవాడు అందుకే పడిపోవును. పైగా గట్టు క్రింద మట్టి కోసుకొని పోయి యుండును. నాలా నోరు నీటిలో కనబడదు. ఎగువన తలుపు మరి రెండడుగులు ఎత్తినచో ఇచ్చట వాన లేకున్నను నీరు పెరుగును. ఆకాశము తెరపి ఇచ్చినదని ఏరు తెరపి ఇచ్చినట్లు కాదు.

గాలము వేయు సరదాను మానుమని మేము చెప్పుట లేదు. ఓర్పును, నీటిని చదువు నేర్పును కలిగించు వినోదములలో దానికి సాటి తక్కువ. దానికి కాలము, చోటు ఎన్నుకొనవలెను. వరద తీసి నీరు తేరిన తరువాత, అనుమతి గల చెరువులలో, గట్టున కూర్చుండి వేయవచ్చును. గ్రుడ్ల చేప తగిలినచో గాలము మెల్లగా తీసి నీటిలో విడువవచ్చును. మందుగుండు పేల్చి, విషము కలిపి చేపలను పట్టుటను 1897 నాటి చట్టమే నేరముగా ఎంచినది. అట్టి పని కంటబడినచో అధికారులకు తెలుపవలెను. కూరకు కావలసిన చేపను చెరువులలో పెంచి అమ్మువారి వద్ద కొనవచ్చును.

ఇక జలాశయముల తలుపులు ఎత్తినారని రేడియోలో వినినప్పుడు గట్టు ప్రక్క ఇండ్లవారు చేయవలసినది ఒక్కటి. గాలము గోడకు ఆనించి, పిల్లలను ఇంటనే యుంచి, మట్టము ఎంత, విడుదల ఎన్ని క్యూసెక్కులు అను అంకెలను శ్రద్ధగా వినుడు. ఆ అంకెలు తగ్గు వరకు ఏరు చేపది, మనది కాదు.