దిక్కులేని కుక్కకు ఇల్లు

ఆంధ్ర మహాభారతము ఆదిపర్వమున సరమ కథ కలదు. జనమేజయ మహారాజు యజ్ఞము చేయుచుండగా, సరమ యను దేవతల కుక్కకు పుట్టిన పిల్ల ఆడుకొనుచు అచ్చటికి వచ్చినది. రాజు తమ్ములు దానిని నిష్కారణముగా కొట్టిరి. తల్లి రాజునొద్దకు వచ్చి, తప్పు చేయని పసిదానిని కొట్టుట న్యాయమా యని నిలదీసినది. ఆ ప్రశ్న నేటికిని పాతబడలేదు. ఎగురుట, దుముకుట, పరుగెత్తుట కుక్కకు నేరము కాదు, స్వభావము. ఆ స్వభావము నెఱుగక దానిని శిక్షించువారు నేటికిని పెక్కురు.

శ్రీ సత్యసాయి జిల్లాలోని తనకల్లు మండలము మెట్టపంటల సీమ. అచ్చట వేరుశనగ చేలును, రాతిగుట్టలును, గుట్టల వాలున మేయు గొఱ్ఱెల మందలును కానవచ్చును. కాపరి వెంట కుక్క యుండును. అది ప్రొద్దున మందతో బయలుదేరి, దారి తప్పిన గొఱ్ఱెను మరల్చుచు, క్రొత్త అలికిడికి మొఱుగుచు, ప్రొద్దు క్రుంకువేళకు అలసి యిల్లు చేరును. ఆ కుక్కను అల్లరిదని యెవ్వరును అనరు. దానినే తెచ్చి పట్టణమున రెండుగదుల యింట దినమంతయు కట్టివేసినచో, చెప్పులు కొఱుకును, తలుపు గీరును, వచ్చినవారిపై కెగబ్రాకును. మారినది కుక్క కాదు, దాని దినచర్య.

పిల్లగా నున్నప్పుడు ముద్దుకు తెచ్చుకొని, పెరిగిన పిమ్మట దాని చురుకుదనమునకు తాళలేక వీధిలో విడుచువారు కలరు. అట్లు విడువబడిన కుక్కలను, గాయపడిన కుక్కలను కాపాడుటకు కొన్ని సంస్థలు పనిచేయుచున్నవి. బెంగుళూరులో 1991లో ‘కూపా’, హైదరాబాదులో 1992లో ‘బ్లూ క్రాస్’ అను సంస్థలు ఇట్లు ఏర్పడినవే. అయితే ఎంత పెద్ద శాలయందైనను చోటు పరిమితము. పలు కుక్కల అరపుల నడుమ బెదరిన కుక్క నిజస్వభావము బయటపడదు. అందుచే కొందరు గృహస్థులు ఒక్కొక్క కుక్కను, దానికి శాశ్వతమైన ఆశ్రయము దొరకువరకు, తమ యింట సాకుదురు. అట్టి యింటిని ‘ఫాస్టర్ హోమ్’ అందురు. తాత్కాలిక పోషకగృహమని మనము చెప్పుకొనవచ్చును.

పోషకగృహము వలన రెండు లాభములు కలవు. కుక్కకు ఇంటి పద్ధతులు అలవడును. దత్తత కోరువారికి దాని గుణములు ముందే తెలియును. అది పిల్లలతో ఎట్లుండును? కోళ్లను, మేకలను తరుమునా? ఒంటరిగా ఎంతసేపు ఉండగలదు? ఉరుములకు బెదరునా? ఈ సంగతులన్నియు సాకినవారిని సంకోచింపక అడుగవలెను.

తనకల్లులోని ఒక కుటుంబము బెంగుళూరు పోషకగృహము నుండి ఏడాదిన్నర వయస్సు గల చురుకైన కుక్కను తెచ్చుకొనదలచినదనుకొందము. చూడబోయిన నాడు అది పిల్లల భుజములపై కాళ్లు మోపి, ముఖములు నాకి, అందఱిని నవ్వించును. ఆ నవ్వులోనే నిర్ణయము చేయరాదు. ప్రతిదినము ఉదయమును, సాయంకాలమును దానిని ఎవరు త్రిప్పుదురు? వేరుశనగ పెరుకు దినములలో ఇంటిల్లిపాదియు చేనికి పోయినప్పుడు ఎవరు చూతురు? కుక్క పది పండ్రెండేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు బ్రతుకును. నేడు ఎనిమిదవ తరగతి చదువు బాలుడు పెరిగి ఉద్యోగమునకు పోవునాటికిని అది ఆ యింటనే యుండును. ఈ ప్రశ్నలకు సమాధానము లేనిచో, తీసుకొనకుండుటయే దయ. ఒకసారి విడువబడిన దానిని రెండవసారి విడుచుట క్రూరత్వము.

ఇంటికి తెచ్చిన పిమ్మట ఓర్పు ముఖ్యము. బెదరు తగ్గుటకు మూడు దినములు, ఇంటి పద్ధతులు తెలియుటకు మూడు వారములు, నమ్మకము కుదురుటకు మూడు నెలలు పట్టునని కుక్కలను సాకువారు స్థూలముగా చెప్పుదురు. తొలిదినములలో త్రాడు లేక దానిని బయటికి తీసికొనిపోరాదు. క్రొత్తచోట బెదరిన కుక్క పారిపోవును.

చురుకుదనమునకు మందు దెబ్బ కాదు, పని. ఎండకాలమున సూర్యోదయమునకు ముందును, నేల చల్లబడిన పిదపను త్రిప్పవలెను. కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుట వలననే అది ముఖ్యముగా చల్లబడును. నడకతోపాటు ముక్కునకును పని కల్పింపవలెను. పాతగుడ్డ మడతలలో తిండిముక్కలు దాచి వెదకనిచ్చినచో, పరుగు దేహమును అలయించినట్లే ఆ వెదకులాట బుద్ధిని అలయించును. అది మీది కెగిరినప్పుడు వెనుకకు తిరిగి నిలువవలెను. నాలుగు కాళ్లును నేల మోపినప్పుడే నిమురవలెను. ఇంటివారందఱును ఒకే పద్ధతి పాటింపవలెను. ఒకరు ముద్దాడి, మఱియొకరు కసరినచో కుక్క ఏమి నేర్చును? దెబ్బ భయమును నేర్పును. భయపడిన కుక్క కఱచును.

దయకు జాగ్రత్త తోడుండవలెను. రేబిస్ వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట బ్రతుకుట దాదాపు అసాధ్యము. కాని టీకా వలన దానిని నివారింపవచ్చునని 1885లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలునికి చికిత్సచేసి చూపెను. పశువైద్యుడు చెప్పిన కాలమునకు కుక్కకు టీకా వేయింపవలెను. సంతాన నిరోధక చికిత్సయు చేయింపవలెను. ఏ కుక్క కఱచినను, గోరు గీరినను గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. సున్నము, కారము వంటివి పూయరాదు.

మన చట్టమును ఈ ధర్మమునే చెప్పుచున్నది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము, సహేతుక కారణము లేక జంతువును విడిచిపెట్టుట నేరము. ఎల్లప్పుడు కట్టియుంచిన కుక్కకు తగిన వ్యాయామము కల్పింపకుండుటయు నేరమే. మందను కాయు కుక్కకు కాపరి చెంత సహజముగా లభించినదానిని, ఇంటి కుక్కకు మనము తెలిసి కల్పింపవలసియున్నది. అవి తిరుగుటకు చోటు, చేయుటకు పని, నమ్ముటకు ఒక మనిషి. ఈ మూడును ఈయగలవారి యింటనే చురుకైన కుక్క సుఖముగా నుండును; ఆ యిల్లును సుఖముగా నుండును.