అంతర్జాల రేడియోలో కార్యక్రమాల కాలపట్టిక: తెలుగు శ్రోతల వేళలు, ప్రకటన భాష

వ్యాససంగ్రహం:
భూతల రేడియో కార్యక్రమాల పట్టిక ఒక ప్రాంతపు జనుల దినచర్యపై ఆధారపడి రూపొందింది. అంతర్జాల రేడియోకు ఆ ఆధారం లేదు. ఒకే ప్రసారాన్ని వివిధ దేశాల తెలుగువారు తమ తమ వేళల్లో వింటున్నప్పుడు కార్యక్రమాలను ఏ గడియారాన్ని అనుసరించి అమర్చాలి, పాటల ఆవృత్తిని ఎలా లెక్కించాలి, వ్యాఖ్యాత భాష ఎలా ఉండాలి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: అంతర్జాల రేడియో, కాలపట్టిక, కాలమండలాలు, పాటల ఆవృత్తి, కాలసూచక పదాలు, పంచాంగం.

1. ప్రవేశిక

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ఉదయం భక్తిరంజని, సాయంత్రం వ్యవసాయదారుల కార్యక్రమం, ఆదివారం మధ్యాహ్నం నాటకం అనే వరుస కొన్ని తరాల తెలుగువారికి గడియారంలా పనిచేసింది. భక్తిరంజని వినిపించిందంటే తెల్లవారినట్లే. ఏ నిమిషానికి ఏ అంశం మొదలు కావాలో, ఎక్కడ ఢిల్లీ ప్రసారాన్ని అందుకోవాలో నిర్ణయించే స్థిరపట్టికను ఆకాశవాణి వారు ‘ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్’ అంటారు. ఆ పట్టిక వెనుక పైకి చెప్పని ఒక ఊహ ఉంది: ప్రకటించేవారికీ వినేవారికీ తెల్లవారడం ఒకేసారి జరుగుతుంది.

తెలుగువన్ వారి ‘టోరి’ వంటి అంతర్జాల కేంద్రాల విషయంలో ఈ ఊహ చెల్లదు. అయినా చాలా చిన్న కేంద్రాలు ఆకాశవాణి పట్టికనే నమూనాగా తీసుకుంటున్నాయి. ఆ అనుకరణలో గౌరవం ఉంది. అయితే శ్రోత ఎక్కడున్నాడన్న ప్రశ్న మాత్రం అందులో మరుగున పడుతోంది.

2. ఒకే గంట, వేర్వేరు వేళలు

భారత కాలమానం ప్రకారం ఉదయం 6 గంటలకు భక్తి సంగీతం మొదలైందనుకొందాం. జనవరి నెలలో అప్పుడు దుబాయిలో తెల్లవారుజాము 4.30, సిడ్నీలో పగలు 11.30, లండన్‌లో అర్ధరాత్రి దాటి 12.30. న్యూజెర్సీలో ముందురోజు రాత్రి 7.30, కాలిఫోర్నియాలో ముందురోజు సాయంత్రం 4.30. అంటే న్యూజెర్సీ గృహిణి వంట చేసుకొనే వేళకు సుప్రభాతం వినిపిస్తుంది.

దీనికి ప్రతి ప్రాంతానికీ వేరు ప్రసారధార నడపడం ఒక మార్గం. దానికి సర్వరు ఖర్చుతో పాటు సిబ్బంది శ్రమ కూడా పెరుగుతుంది. ఇద్దరు ముగ్గురు ఔత్సాహికులు నడిపే కేంద్రానికి అది తలకు మించిన భారం. రెండవ మార్గం చక్రపద్ధతి: రోజును సమభాగాలు చేసి, ఒక భాగంలోని కార్యక్రమాలనే తిరిగి వినిపించడం. పన్నెండు గంటల చక్రంలో ఉదయం 6 గంటల కార్యక్రమం మళ్ళీ సాయంత్రం 6 గంటలకు వస్తుంది. అది న్యూజెర్సీలో ఉదయం 7.30. భారత శ్రోతకూ అమెరికా తూర్పు తీరపు శ్రోతకూ ఇది చక్కగా కుదురుతుంది. లండన్‌కు మధ్యాహ్నం 12.30, కాలిఫోర్నియాకు తెల్లవారుజాము 4.30 కాబట్టి వారికి కుదరదు. ఎనిమిది గంటల చక్రంలో ఆ కార్యక్రమం భారత కాలమానం ప్రకారం ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 గంటలకు వస్తుంది. మధ్యాహ్నం 2 గంటలంటే లండన్‌లో ఉదయం 8.30, రాత్రి 10 గంటలంటే కాలిఫోర్నియాలో ఉదయం 8.30. ఈసారి నష్టపోయేది న్యూజెర్సీ, అక్కడ 11.30 అవుతుంది. అందరికీ సరిపడే చక్రం లేదు. కేంద్రానికి ఎక్కువమంది శ్రోతలు ఏ నగరాల్లో ఉన్నారో సర్వరు లెక్కల్లో చూసి చక్రాన్ని ఎంచుకోవడమే ఉచితం.

ప్రత్యక్ష ప్రసారానికి చక్రం పనికిరాదు. పల్లెలోని నాయనమ్మ, డల్లాస్‌లోని మనవరాలు ఒకే కార్యక్రమానికి ఫోను చేసి మాట్లాడాలంటే ఇద్దరూ మెలకువగా ఉన్న గంట కావాలి. శని, ఆదివారాల్లో భారత కాలమానం రాత్రి 8.30 అటువంటి వేళ. చలికాలంలో అది దుబాయిలో రాత్రి 7, లండన్‌లో మధ్యాహ్నం 3, న్యూజెర్సీలో ఉదయం 10, డల్లాస్‌లో 9, కాలిఫోర్నియాలో 7. సిడ్నీలో మాత్రం రాత్రి 2 గంటలు. ఆస్ట్రేలియా శ్రోతలకు మరునాడు ధ్వనిముద్రణ వినిపించడం తప్ప వేరే దారి కనబడదు.

ఇక వేసవి కాలమానపు చిక్కు. అమెరికాలో మార్చి రెండవ ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. బ్రిటన్‌లో అదే నెల చివరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలపాటు ఈ దేశాల మధ్య వ్యత్యాసం ఏటా మారుతుంది. ఉగాది తరచు ఆ పరిసరాల్లోనే వస్తుంది. పట్టికను భారత కాలమానానికి కట్టివేస్తే విదేశీ శ్రోతకు కార్యక్రమం గంట జరుగుతుంది. న్యూజెర్సీ కాలానికి కట్టివేస్తే భారత శ్రోతకు జరుగుతుంది. భారత కాలమానానికి కట్టడమే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గడియారం మార్చుకొనే అలవాటు అక్కడివారికి ఉంది. అలవాటు కొద్దీ వేళకు రేడియో పెట్టుకొనే ఇక్కడి వృద్ధులకు లేదు.

3. పాటల ఆవృత్తి

కార్యక్రమాల మధ్య పాటలను సాఫ్ట్‌వేర్ ఎంచుతుంది. ఇక్కడ ఒక చిన్న గణితం తెలిసి ఉండాలి. ఒక వర్గంలో 48 పాటలు ఉండి, గంటకు నాలుగు చొప్పున వరుసగా వినిపిస్తే ప్రతి పాటా 12 గంటలకు తిరిగి వస్తుంది. అంటే రోజూ అదే గంటకు అదే పాట. రోజూ ఒకే వేళకు కారులో రేడియో వినే ఉద్యోగికి కేంద్రం దగ్గర నాలుగే పాటలున్నాయనిపిస్తుంది. 53 పాటలుంటే ఆవృత్తి 13 గంటల 15 నిమిషాలు. మరునాటికి పాట రెండున్నర గంటలు జరిగిపోతుంది. అయిదు పాటలు చేర్చినందుకే వినికిడి మారిపోయింది.

ఒకే గాయకుని పాటలు దగ్గర దగ్గరగా రాకూడదన్న నియమం కూడా సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. తెలుగు సినిమా పాటల దగ్గరకు వచ్చేసరికి అది తరచు విఫలమవుతుంది. 1950ల నుంచి 70ల దాకా పాటలు ఎంచుకొంటే ఘంటసాల, పి. సుశీల పేర్లే అధికం. యుగళగీతంలో ఇద్దరి పేర్లూ ఒకే గడిలో రాస్తే యంత్రం దానిని మూడవ గాయకునిగా భావిస్తుంది. సుశీల పేరును రోమన్ లిపిలో మూడు రకాలుగా రాసి ఉంటే ముగ్గురు సుశీలలు తయారవుతారు. తెలుగు లిపిలో రాస్తే ఈ బాధ తగ్గుతుంది. పాట వివరాలను శుద్ధి చేయడం పాఠపరిష్కరణ వంటి పనే. ఆ విద్య తెలుగు శాఖల వారికి కొత్త కాదు.

చట్టం మరొక హద్దు గీస్తుంది. అమెరికా కాపీరైట్ చట్టం 114వ సెక్షను కింద చట్టబద్ధ లైసెన్సుతో పాటలు వినిపించే కేంద్రం ఏ మూడు గంటల వ్యవధిలోనైనా ఒకే ఆల్బం నుంచి మూడింటికి మించి, ఒకే ప్రధాన కళాకారునివి నాలుగింటికి మించి పాటలు వేయరాదు. ఏ పాటలు రానున్నాయో ముందుగా పట్టిక ప్రచురించరాదు. పాటల వరుస ముందే నిర్ణయించి, ముందుగా ప్రకటించిన కార్యక్రమం గంటలోపుదైతే రెండు వారాల్లో మూడుసార్లకు మించరాదు. పైన చెప్పిన ఎనిమిది గంటల చక్రంలో పెడితే ఆ వాటా ఒక్కరోజులోనే తీరిపోతుంది. కాబట్టి చక్రాన్ని సాహిత్య ప్రసంగాలకు, నాటికలకు, కథాపఠనాలకు కేటాయించి, పాటలను ఎప్పటికప్పుడు కొత్త వరుసలో రానివ్వాలి.

ఫిబ్రవరి 11న ఘంటసాల వర్ధంతికి మూడు గంటలపాటు ఆయన పాటలే వేయాలన్న కోరిక సహజం. హక్కుదారుల ప్రత్యేకానుమతి లేకుంటే ఈ లైసెన్సు కింద అది కుదరదు. అప్పుడు ఆయన స్వరపరచగా ఇతరులు పాడినవి వెతకాలి. ‘పాతాళభైరవి’ (1951)లో పి. లీల పాడిన పాటలు అటువంటివే. సంగీత దర్శకునిగా ఘంటసాలను శ్రోతకు పరిచయం చేసే ఈ కార్యక్రమం, అనుకొన్న దానికంటె మెరుగ్గా ఉండే అవకాశమే ఎక్కువ.

4. ప్రకటన భాష

చక్రపద్ధతిలో ఒక ధ్వనిముద్రణ మూడు వేర్వేరు వేళల్లో వినబడుతుంది. అందులో వ్యాఖ్యాత ‘శుభోదయం’ అంటే కొందరికి అది రాత్రి. ఇక్కడ తెలుగు మనకు ఒక సౌకర్యం కల్పించింది. వేళను బట్టి మారే పలకరింపులు మన సంప్రదాయంలో లేవు. ‘శుభోదయం’, ‘శుభరాత్రి’ ఇంగ్లీషును చూసి కల్పించుకొన్నవి. ‘నమస్కారం’ ఏ వేళకైనా సరిపోతుంది.

కాలసూచక పదాలన్నీ ఒకటి కావు. ‘ఇందాక విన్న పాట’, ‘ఇక వినబోయే కథ’ అన్నవి కార్యక్రమంలోని వరుసను సూచిస్తాయి; ఎప్పుడు విన్నా అర్థం చెడదు. ‘ఈ రాత్రి’, ‘రేపు ఉదయం’, ‘నిన్నటి సభలో’ అన్నవి శ్రోత ఉన్న రోజును ఆశ్రయిస్తాయి. మొదటి రకాన్ని ధారాళంగా వాడవచ్చు. రెండవ రకానికి బదులు వారం పేరు, తేదీ, నగరం చెప్పాలి. ‘రేపు రాత్రి ఎనిమిదిన్నరకు’ అనేచోట ‘శనివారం భారత కాలమానం రాత్రి ఎనిమిదిన్నరకు, న్యూజెర్సీలో ఉదయం పదింటికి’ అనాలి. వాక్యం బరువెక్కుతుంది, నిజమే. అయినా శ్రోత మోసపోడు.

‘ఇప్పుడు సమయం’ అని గంట చెప్పడం ఆకాశవాణిలో ఒక అందం. అంతర్జాలంలో ధ్వని ముందుగా శ్రోత పరికరంలో కొంత నిలువ చేరి, తరువాత వినబడుతుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఆలస్యం. సెకన్ల లెక్కన సమయం చెప్పే ఆచారాన్ని విడిచిపెట్టక తప్పదు.

పంచాంగ శ్రవణానిది ఇంతకంటె సున్నితమైన సమస్య. తిథి ముగిసే క్షణం ప్రపంచమంతటా ఒకటే. సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. సూర్యోదయానికి ఉన్న తిథినే ఆనాటి తిథిగా తీసుకొంటాం కనుక, హైదరాబాదులో పాడ్యమి పూట న్యూజెర్సీ వారి తేదీ ప్రకారం ముందురోజే పాడ్యమి రావచ్చు. హైదరాబాదు పంచాంగాన్ని అందరికీ చదివి వినిపిస్తే పండుగ రోజే మారిపోతుంది. నగరానికొక నిమిషం చొప్పున వేర్వేరు పంచాంగాలు ముద్రించి, ఏ నగరానిదో ముందుగా చెప్పి వినిపించడం మేలు.

5. ఖాళీ నిమిషాలు

లిబ్రెటైమ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక గంట కార్యక్రమానికి 57 నిమిషాల ముద్రణ పెడితే మిగిలిన మూడు నిమిషాలు నిశ్శబ్దం కావచ్చు. 63 నిమిషాలు పెడితే చివరి మాట తెగిపోతుంది. ఆకాశవాణిలో ఈ ఖాళీని వాద్యసంగీతంతో పూరించేవారు, పూరించే మనిషి స్టూడియోలో ఉండేవాడు. ఇక్కడ రాత్రంతా మనిషి ఉండడు. కనుక ప్రతి గంటకూ చివర వాద్యసంగీతపు చిన్న జాబితా ఒకటి జతచేయాలి. ప్రసారధార తెగినప్పుడు తనంతట తానే మొదలయ్యే అత్యవసర జాబితా మరొకటి ఉండాలి. లిక్విడ్‌సోప్ వంటి ఉపకరణాల్లో ఒకటి ఆగితే మరొకదానికి మారే ఏర్పాటు ఉంది. ఆ జాబితాలో కేంద్రం పేరు చెప్పే గొంతు ఒకటి తప్పక ఉండాలి. లేకుంటే అర్ధరాత్రి వింటున్న శ్రోతకు తాను ఏ కేంద్రం వింటున్నాడో తెలియదు.