16 డిగ్రీలకే గడ్డకట్టేది, మైనస్ 20లోనూ గడ్డకట్టనిది

నీరు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుందని బడిపుస్తకం చెప్పే మాట నిజమే అయినా, అది శుద్ధమైన నీటికి, సాధారణ వాతావరణ పీడనానికి, అందులోనూ గడ్డ మొదలవడానికి ఏదో ఒక ఆధారం దొరికినప్పటికి మాత్రమే వర్తించే నిజం. ఈ షరతుల్లో ఏ ఒక్కటి సడలినా లెక్క ఎంత మారుతుందో తెలుసుకోవడానికి హిమాలయాల దాకా పోనక్కరలేదు. ఏ చలికాలంలోనూ చెరువు నీరు గడ్డకట్టని సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం ప్రాంతాల్లో వెలసిన రసాయన, మందుల కర్మాగారాల చుట్టుపక్కలే అందుకు కావలసినన్ని ఉదాహరణలు దొరుకుతాయి.

ఈ ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలల రాత్రులు 10 డిగ్రీల దిగువకు కూడా చల్లబడుతుంటాయి. వెనిగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం నీరు కలవని శుద్ధ రూపంలో 16.6 డిగ్రీలకే గడ్డకడుతుంది కనుక, ఆరుబయటి షెడ్డులో నిలవ ఉంచిన కార్బాయ్‌లలో (పెద్ద డబ్బాలలో) అది అలాంటి రాత్రుల్లో తెల్లని స్ఫటికాల ముద్దగా మారగలదు. మందుల తయారీలో ద్రావణిగా వాడే డైమిథైల్ సల్ఫాక్సైడ్ 18.5 డిగ్రీలకే ఘనీభవిస్తుంది. టెర్షరీ బ్యూటనాల్‌కైతే 25 డిగ్రీల చల్లదనమే చాలు. అదే షెడ్డులో పక్కనే ఉండే మిథనాల్ మాత్రం మైనస్ 98 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది.

గట్టిపడిన ఎసిటిక్ ఆమ్లాన్ని తిరిగి కరిగించడం పైకి కనిపించేంత సులువైన పని కాదు. దాని ఆవిరి 40 డిగ్రీల పరిసరాల్లోనే నిప్పు తగిలితే అంటుకుంటుంది కనుక మంట దగ్గరికి తీసుకుపోరాదు. కార్బాయ్‌ను వెచ్చని గదిలోనో, గోరువెచ్చని నీటి తొట్టిలోనో ఉంచి నిదానంగా కరగనివ్వాలి. సగం కరిగినప్పుడు పైనుంచి నమూనా తీస్తే పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. ఎందుకంటే స్ఫటికం పెరిగేటప్పుడు తనలాంటి అణువులనే చేర్చుకొని నీటిని, ఇతర మలినాలను బయటకు నెట్టేస్తుంది; దాంతో గడ్డలో శుద్ధమైన ఆమ్లమూ, మిగిలిన ద్రవంలో మలినాలూ పోగుపడతాయి. మొత్తం కరిగాక కలియబెట్టి తీసిన నమూనాకే విలువ. ఒక శాతం నీరు కలిసినా ఈ ఆమ్లపు ఘనీభవన స్థానం సుమారు 2 డిగ్రీలు పడిపోతుంది కనుక, అది ఎక్కడ గడ్డకడుతుందో కొలిచి శుద్ధతను అంచనా వేసే పాత పద్ధతి నేటికీ చెల్లుతుంది.

ద్రవంలో అణువులు నిలకడ లేకుండా కదులుతుంటాయి. వేడి తగ్గేకొద్దీ ఆ కదలిక నెమ్మదించి, పరస్పర ఆకర్షణదే పైచేయి అయిన స్థితిలో అవి ఒక క్రమంలో కుదురుకోవడమే ఘనీభవనం. అలా కుదురుకునేటప్పుడు అణువులు కొంత వేడిని వదులుతాయి. జోసెఫ్ బ్లాక్ అనే స్కాట్లాండు శాస్త్రవేత్త 1760ల నాటికే గుర్తించిన ఈ వేడికి గుప్తోష్ణమని పేరు. కిలో నీటిని 30 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి 30 కిలోక్యాలరీల వేడిని తీసివేస్తే చాలు. అదే సున్నా దగ్గర ఉన్న నీటిని మంచుగా మార్చడానికి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా తగ్గకుండానే మరో 80 కిలోక్యాలరీలను తీసివేయాలి. ఐసు ఫ్యాక్టరీ కరెంటు బిల్లులో పెద్ద వాటా ఈ రెండో అంకెదే.

నీటికి మరో విచిత్ర గుణం ఉంది. దాని అణువులు హైడ్రోజన్ బంధాలతో ఖాళీలున్న చట్రంలా అమరుతాయి కనుక, గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బి, పైకి తేలుతుంది. ఎసిటిక్ ఆమ్లం సహా చాలా ద్రవాలు దీనికి విరుద్ధంగా గడ్డకట్టినప్పుడు కుంచించుకుపోతాయి.

చల్లబడినంత మాత్రాన క్రమం దానంతటదే ఏర్పడదు. మొదటి చిన్న స్ఫటికం పుట్టడానికి ధూళికణమో, పాత్ర గోడ గరుకుదనమో ఆసరా కావాలి. అది దొరకని అతి శుద్ధమైన నీటి బిందువులు మైనస్ 38 డిగ్రీల పరిసరాల దాకా ద్రవంగానే ఉండగలవు. ఎండాకాలపు ఉరుముల మేఘాలలో ఇలా అతిశీతలీకరణ చెందిన బిందువులు మంచుకణాన్ని తాకీ తాకగానే దానిపై గడ్డకట్టి, పొరలు పొరలుగా పేరుకొని వడగళ్లవుతాయి. జహీరాబాద్ వైపు మామిడి రైతుకు వాటి దెబ్బ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. మందు పదార్థాన్ని ద్రావణం నుంచి స్ఫటికాలుగా రాబట్టే చోట ఇదే సూత్రం మనిషికి అక్కరకు వస్తుంది: ద్రావణాన్ని నిదానంగా చల్లబరుస్తూ, తగిన సమయంలో ముందే తయారుచేసిన కొద్దిపాటి స్ఫటికపు పొడి వేస్తారు. దీన్నే సీడింగ్ అంటారు.

ఇక గడ్డకట్టకుండా ఆపవలసిన నీటి సంగతి. రసాయన చర్య జరిపే పాత్ర, అంటే రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో సున్నాకు దిగువ చల్లదనాన్ని తిప్పాలంటే వట్టి నీరు పనికిరాదు కనుక, కాల్షియం క్లోరైడ్ కలిపిన బ్రైన్‌ను గాని గ్లైకాల్ ద్రావణాన్ని గాని వాడతారు. కరిగిన పదార్థపు కణాలు మంచు చట్రంలో ఇమడవు. నీటి అణువుల మధ్య అడ్డుపడి గడ్డకట్టడాన్ని మరింత చలి వచ్చేదాకా వాయిదా వేస్తాయి. మామూలు ఉప్పు నీటి ఘనీభవన స్థానాన్ని మైనస్ 21 వరకు దించగా, 30 శాతానికి చేరువైన కాల్షియం క్లోరైడ్ మైనస్ 50కి దిగువ దాకా తీసుకుపోతుంది. ఆ మోతాదు దాటితే మాత్రం లవణమే వేరుపడటం మొదలై ఘనీభవన స్థానం మళ్లీ పైకి లేస్తుంది. మూతలేని ట్యాంకులోని బ్రైన్ గాలిలోని తేమను పీల్చుకొని పలచబడినా ప్రమాదమే. చిల్లర్ గొట్టాలలో మంచు పేరుకొని అవి పగిలే అవకాశం ఉంది. హైడ్రోమీటరు ముంచి బ్రైన్ సాంద్రత చూడటం చిన్న పనే, కానీ దాన్ని నిర్లక్ష్యం చేస్తే నష్టం చిన్నది కాదు.

నీరు గడ్డకట్టకుండా ఆపడానికి, పటాన్‌చెరులోనే 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు చెందిన జన్యుబ్యాంకు మరో దారి చూపుతుంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలకు చెందిన లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలలో దీర్ఘకాలం దాచవలసిన వాటిని అక్కడ మైనస్ 20 డిగ్రీలలో ఉంచుతారు. పచ్చి గింజను నేరుగా ఆ చలిలో పెడితే కణాలలోని నీరు మంచై పొరలను చీల్చివేస్తుంది కనుక, ముందుగా 15 డిగ్రీల వేడి, 15 శాతం గాలితేమ ఉన్న గదిలో ఆరబెట్టి, గింజ తేమను 5 నుంచి 7 శాతానికి తగ్గిస్తారు. అప్పుడు మిగిలే కొద్దిపాటి నీరు మాంసకృత్తులను, పిండిపదార్థాలను అంటిపెట్టుకొని ఉంటుందే తప్ప మంచు స్ఫటికంగా చేరడానికి దానికి వీలుండదు. కణంలోని పదార్థమంతా స్ఫటికం కాకుండానే గాజులా బిగుసుకుంటుంది. ఈ విత్తనాల నకళ్లను నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో 2008లో తెరిచిన ప్రపంచ విత్తన ఖజానాలోనూ మైనస్ 18 డిగ్రీల వద్ద భద్రపరిచారు.

చలిగదిలోంచి బయటికి తీసిన అల్యూమినియం రేకు పొట్లాన్ని వెంటనే తెరవరాదన్న నియమం కూడా ఈ తేమ లెక్కకు చెందినదే: చల్లని గింజపై బయటి గాలిలోని ఆవిరి నీరై దిగితే అంత జాగ్రత్తగా సాధించిన పొడితనం క్షణాల్లో పోతుంది కనుక, పొట్లం గది వేడికి వచ్చేదాకా మూసే ఉంచుతారు.