పాత కారుకు కొత్త బోల్టు - ఎంపిక ఎలా?

ఒకప్పుడు కలెక్టరు గారు వచ్చినా, పెళ్లికొడుకు ఊరేగినా, మిర్చి యార్డుకు పెద్ద వ్యాపారి వచ్చినా ముందుగా కనిపించే కారు అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర దీన్ని మొదలుపెట్టారు. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. కానీ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వేపచెట్టు కింద, గొడ్ల చావిడి పక్కన నిలిచిపోయిన అంబాసిడర్లు, ఫియట్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. తాతగారి బండి అని, సినిమాలకు అద్దెకిద్దామని వాటిని మళ్లీ బాగుచేయించేవారు ఉన్నారు.

మన హాస్టళ్లలో పదో తరగతి చదివి, ఐ.టి.ఐ.లో ఫిట్టరు, మోటారు మెకానిక్ ట్రేడులు చేసిన మనవాళ్లు షెడ్డుల్లో ఈ పనులు చేస్తున్నారు. తమ్ముళ్లూ, రేపు మీలో కొందరు అదే దారిన వస్తారు. రంగు, సీట్లు, అద్దాల గురించి బండి యజమానే అడుగుతాడు. బోల్టుల గురించి మాత్రం ఎవరూ అడగరు. కానీ స్టీరింగును, బ్రేకును, చక్రాన్ని పట్టి ఉంచేవి ఆ బోల్టులే. అందుకే వాటి గురించి మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాం.

మొదటి ప్రశ్న: ఏ మర?

మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరు 1 నుంచి అమల్లోకి రావడం మొదలైంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే వచ్చిన అంబాసిడర్ మాత్రం అంగుళాల కొలతలతో వచ్చింది. దాని పాత ఇంజిన్‌లో, చట్రంలో ఎక్కువగా ఉండేది యు.ఎన్.ఎఫ్. అనే సన్న అంగుళం మర. 1990ల తొలి ఏళ్లలో అదే కారుకు ఇసుజు ఇంజిన్ పెట్టారు. అది జపాన్ ఇంజిన్ కనుక మెట్రిక్ మర. అంటే ఒకే బండిలో కింద అంగుళాలు, పైన మిల్లీమీటర్లు! ప్రీమియర్ పద్మినీ ఇటలీ ఫియట్ నుంచి వచ్చింది కాబట్టి మొదటి నుంచీ మెట్రిక్కే. పాత జీపులది అమెరికా వారి అంగుళం మర. పాత మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లలోనూ అంగుళం మరలే ఎక్కువ.

ఇందులో ప్రమాదం ఏమిటంటే, కొలతలు చాలా దగ్గరగా ఉంటాయి. 5/16 అంగుళం బోల్టు మందం 7.94 మి.మీ. ఎం8 బోల్టు 8 మి.మీ. కంటికి రెండూ ఒకటే. కానీ 5/16 యు.ఎన్.ఎఫ్.కు అంగుళానికి 24 చుట్లు, ఎం8కు సుమారు 20 చుట్లు. ఒకదాని నట్టు రెండోదానికి పెడితే ఒకటి రెండు చుట్లు చేత్తో తిరిగి, ఆపైన బిగుసుకుంటుంది. అప్పుడు పొడవాటి పానా వేసి బలవంతంగా తిప్పితే మర కోసుకుపోతుంది. బిగిసిందని మనం అనుకుంటాం. నిజానికి అది పట్టు లేని బిగువు.

పానాలతోనూ అదే తంటా. 5/16 యు.ఎన్.ఎఫ్. బోల్టు తలకు అర అంగుళం పానా, అంటే 12.7 మి.మీ. కావాలి. 13 నంబరు పానా కూడా ఎక్కుతుంది గానీ కొంచెం వదులు. నాలుగుసార్లు జారితే తల గుండ్రమవుతుంది. కాబట్టి 13 పానా ఎక్కింది కనుక మెట్రిక్ బోల్టే అని నిర్ణయించకూడదు.

మర తెలుసుకోవడానికి పిచ్ గేజి ఉంటే మంచిది. లేకపోతే మీ జామెట్రీ బాక్సులోని స్కేలు చాలు. బోల్టును శుభ్రంగా తుడిచి, ఒక అంగుళంలో ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. బోల్టు పొట్టిదైతే అర అంగుళంలో లెక్కపెట్టి రెట్టింపు చేయండి. మరొక పద్ధతి: మర తెలిసిన బోల్టును దీని పక్కన ఆనించి వెలుతురుకు పెట్టండి. పళ్లలో పళ్లు కూర్చుని మధ్యలో వెలుగు కనపడకపోతే రెండింటి పిచ్ ఒకటే. చివరి పరీక్ష చేత్తోనే: శుభ్రమైన మరలో సరైన బోల్టు పానా లేకుండా, వేళ్లతో చివరిదాకా తిరగాలి.

ఇంకొక సంగతి. పాత విల్లీస్ తరహా జీపులకు ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరవి. అవి ఊడదీయాలంటే మామూలుగా బిగించే వైపు తిప్పాలి. అది తెలియక బలం ఉపయోగిస్తే స్టడ్డు విరుగుతుంది.

రెండో ప్రశ్న: ఎంత బలం?

ఇదే అసలు ప్రశ్న. బోల్టు తలపై 4.6, 8.8, 10.9 వంటి అంకెలు ఉంటాయి. మొదటి అంకెను 100తో గుణిస్తే తెగే బలం, చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లని వస్తుంది. రెండో అంకె, ఆ బలంలో ఎన్ని పదోవంతుల దగ్గర బోల్టు శాశ్వతంగా సాగిపోతుందో చెబుతుంది. 8.8 అంటే తెగడం 800 దగ్గర, సాగడం 640 దగ్గర. షెడ్డుల్లో దీన్నే హైటెన్షన్ బోల్టు అంటారు.

మన భాషలో చెప్పుకుందాం. పత్తి బేలు బరువు 170 కిలోలు. ఎం8 సైజులో 4.6 బోల్టు సుమారు అయిదు బేళ్ల బరువుకు సాగడం మొదలుపెడుతుంది. అదే సైజు 8.8 బోల్టు పద్నాలుగు బేళ్ల వరకు ఆగుతుంది. రెండూ పక్కపక్కన పెడితే తలమీది అంకె తప్ప తేడా కనపడదు.

అంగుళం బోల్టులకు అంకెల బదులు గీతలుంటాయి. మూడు గీతలుంటే ఇంచుమించు 8.8తో సమానం. ఆరు గీతలుంటే 10.9కు దగ్గర. ఏ గుర్తూ లేకపోతే దాన్ని మెత్తని ఇనుముగానే లెక్కించాలి. కిలోల్లెక్కన తూచి ఇచ్చే బోల్టులు సాధారణంగా ఈ రకమే. వాటిని మడ్‌గార్డుకో నంబరు ప్లేటుకో వాడుకోవచ్చు. స్టీరింగు బాక్సు, బ్రేకు, సస్పెన్షన్, సీటు, ఇంజిన్ మౌంటింగుల దగ్గర వాడకూడదు.

ఎందుకంటే బోల్టు ఒక గట్టి స్ప్రింగు లాంటిది. బిగించినప్పుడు కొద్దిగా సాగి, తిరిగి ముడుచుకోవాలని చూస్తూ రెండు భాగాలను నొక్కి పట్టుకుంటుంది. మెత్తని బోల్టు సాగి అలాగే ఉండిపోతుంది. నొక్కు తగ్గుతుంది. గుంతల రోడ్డులో అదిరి అదిరి నట్టు వదులవుతుంది. అంతవరకు ఏ చప్పుడూ ఉండదు.

తళతళలాడుతుందని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు అడిగే యజమానులు ఉంటారు. మార్కెట్లో ఎక్కువగా దొరికే ఎ2-70 రకం 450 దగ్గరే సాగుతుంది. అంటే 8.8 కన్నా బలహీనం. పైగా స్టెయిన్‌లెస్ నట్టు, బోల్టు బిగించేటప్పుడు ఒకదానికొకటి కరుచుకుని పట్టేస్తాయి. అందానికి బంపరు మీద పెట్టండి, బలం కావలసిన చోట వద్దు.

మూడో ప్రశ్న: ఎంత పొడవు, ఏ ఆకారం?

బోల్టు పొడవును తల కింద నుంచి కొలవాలి. నట్టు దాటి రెండు మూడు చుట్లు బయటికి కనపడాలి. అడుగు మూసుకున్న రంధ్రంలో పొడవాటి బోల్టు పెడితే అడుగుకు తగిలి ఆగిపోతుంది. చేతికి గట్టిగా అనిపిస్తుంది గాని, పైభాగం వదులుగానే ఉంటుంది. స్ప్రింగు షాకిల్ వంటి చోట్ల బోల్టులో మర లేని నున్నటి భాగమే బరువు మోయాలి. అక్కడ తల దాకా మర ఉన్న బోల్టు పెడితే మర గాడి దగ్గర తెగే అవకాశం ఎక్కువ.

స్ప్లిట్ పిన్నులు ప్రతిసారీ కొత్తవి వేయాలి. నైలాన్ రింగు ఉన్న నట్టును ఒక్కసారే వాడాలి. సైలెన్సరు, మానిఫోల్డు వేడికి నైలాన్ నిలవదు. అక్కడ ఇత్తడి నట్లు మేలు, తుప్పుకు పట్టుకోవు.

ఊడదీసే పద్ధతి

నల్లరేగడి మట్టి తేమను పట్టి ఉంచుతుంది. బాపట్ల, చీరాల వైపు ఉప్పుగాలి తోడవుతుంది. కాబట్టి బోల్టు తుప్పుతో పట్టేసి ఉంటుంది. ముందురోజే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచండి. మొదట కొద్దిగా బిగించి, తర్వాత వదులు చేయండి. ఊడిన ప్రతి బోల్టునూ పారేయకుండా, ఎక్కడిదో రాసి ఖాళీ విత్తనాల ప్యాకెట్లలో దాచండి. పాత బోల్టే కొత్తదానికి నమూనా. దుకాణానికి దాన్ని పట్టుకెళ్లి మర, పొడవు, తలమీది గుర్తు మూడూ చెప్పి అడగండి. విజయవాడ, గుంటూరు ఆటోనగర్లలో వెతికితే యు.ఎన్.ఎఫ్. బోల్టులు దొరుకుతాయి. దొరకలేదని రంధ్రానికి మెట్రిక్ ట్యాపు కొట్టవద్దు. ఆ తర్వాత వచ్చే మెకానిక్కుకు అక్కడ ఏముందో తెలియదు.

పాతవాటిలో బాగున్నవాటిని వైరు బ్రష్షుతో తుడిచి వాడుకోవచ్చు. మధ్యలో సన్నబడినా, మర సాగినా, వంగినా తీసేయాల్సిందే. కనెక్టింగు రాడ్డు బోల్టులను మాత్రం అనుమానం ఉంటే మళ్లీ వాడవద్దు.

తమ్ముళ్లూ, "ఏదో ఒకటి వేసెయ్ రా" అనే మాట షెడ్డులో రోజూ వినపడుతుంది. సరైన బోల్టుకు కొన్ని రూపాయలు ఎక్కువ, ఒక పూట ఆలస్యం. ఆ బండిలో కూర్చునేవారికి మీ పేరు కూడా తెలియకపోవచ్చు. అయినా వారి ప్రాణం మీ చేతి బిగింపు మీద ఉంటుంది. ఎందుకు ఈ బోల్టే కావాలో కొలిచి, లెక్క చెప్పగలిగిన కుర్రవాడిని ఎవరూ "ఏరా" అని పిలిచి పని చెప్పలేరు. స్కేలు మీ చేతిలో ఉంది, లెక్క మీ పుస్తకంలో ఉంది. రెండూ పట్టుకుని షెడ్డులోకి రండి.