దగ్గర ఉండండి... కదిలించకండి

మీరు కారులో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బయల్దేరారు. శిరివెళ్ల దాటాక హైవే మీద బైక్ జారి ఒకాయన పడిపోయి ఉన్నాడు. అప్పటికే పదిమంది గుమిగూడారు. ఒకాయన చంకల్లో చేతులు పెట్టి లేపి కూర్చోబెడుతున్నాడు. ఇంకొకరు నీళ్ల సీసా మూత తీస్తున్నారు. మరొకాయన ఆటోను ఆపుతున్నాడు. అందరిదీ మంచి మనసే. కానీ వెన్నెముకకు దెబ్బ తగిలి ఉంటే, ఈ మూడు పనుల్లో ఒక్కటీ ఆ సమయంలో చేయదగ్గది కాదు.

మరేం చేయాలి? దానికి జవాబు కోసం ఒకసారి సముద్రం మీదికి వెళ్లొద్దాం. అక్కడ గుమిగూడటానికి మనుషులే లేరు.

2018 జులై 1న ఫ్రాన్స్‌లో గోల్డెన్ గ్లోబ్ రేస్ మొదలైంది. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా తెరచాప పడవలో భూమిని చుట్టి రావాలి. 1968 నాటి పరికరాలతోనే దారి వెతుక్కోవాలి, జీపీఎస్ చూడకూడదు. మన నౌకాదళ అధికారి కమాండర్ అభిలాష్ టామీ ‘తురియ’ అనే పడవలో బయల్దేరారు. సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో పెనుతుపాను చుట్టుముట్టింది. ఆస్ట్రేలియా తీరం అక్కడికి 1,900 నాటికల్ మైళ్ల దూరం. పడవ పల్టీలు కొట్టింది, తెరచాప కొయ్య విరిగింది, అభిలాష్ నడుం విరిగింది. వీపుకు తీవ్రమైన గాయమైందని, లేవలేకపోతున్నానని మాత్రం సందేశం పంపగలిగారు. లోపల పడక మీద వెల్లకిలా పడిపోయారు. ఏం తాగినా వాంతులే.

ఆ సమయంలో దాదాపు 90 నాటికల్ మైళ్ల దూరంలో ఐర్లాండ్‌కు చెందిన గ్రెగర్ మెక్‌గకిన్ ఉన్నాడు. పోటీలో ప్రత్యర్థి. అదే తుపాను అతని పడవ కొయ్యలనూ విరిచేసింది. అయినా దొరికిన దాంతో ఒక తెరచాప నిలబెట్టుకుని అభిలాష్ ఉన్న వైపు బయల్దేరాడు. పైన విమానాలు తిరుగుతూ పడవ జాడ కనిపెట్టాయి. సెప్టెంబరు 24న ఫ్రాన్స్ మత్స్యశాఖ గస్తీ నౌక ‘ఒసిరిస్’ ముందుగా చేరుకుని అభిలాష్‌ను స్ట్రెచర్ మీద జాగ్రత్తగా ఎక్కించుకుంది. తర్వాత మెక్‌గకిన్‌నూ తీసుకుంది. ఆమ్‌స్టర్‌డామ్ దీవిలో ప్రథమ చికిత్స జరిగాక మన ‘ఐఎన్‌ఎస్ సాత్పురా’ ఆయన్ను అక్టోబరులో విశాఖపట్నం తీసుకొచ్చింది. శస్త్రచికిత్సలో ఐదు వెన్నుపూసలను టైటానియం కడ్డీలతో కలిపి బిగించారు. ఆయన మళ్లీ నడక నేర్చుకున్నారు.

ఇందులో మనం గమనించాల్సింది, దెబ్బ తగిలిన మనిషి మూడు రోజులు పడుకున్నచోటే ఉండటం. ఎత్తినప్పుడు కూడా స్ట్రెచర్ మీదే ఎత్తారు.

వెన్నుపూస విరగడం వేరు, వెన్నుపాము దెబ్బతినడం వేరు. వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఎముకలు. వాటి మధ్య సొరంగంలాంటి దారిలో వెన్నుపాము ఉంటుంది. మెదడు నుంచి కాళ్లూచేతులకు, మూత్రాశయానికి ఆదేశాలు వెళ్లేది దాని ద్వారానే. ఎముక విరిగినా లోపలి వెన్నుపాము బాగానే ఉండొచ్చు. అలాంటి మనిషిని లేపి కూర్చోబెడితే, కాళ్లు ఒకరు చేతులు ఒకరు పట్టుకుని ఆటోలో కుక్కితే, విరిగిన ముక్క జరిగి వెన్నుపాము మీద గుచ్చుకోవచ్చు. బతికి బయటపడాల్సిన మనిషి జీవితాంతం మంచానికే పరిమితమయ్యే ప్రమాదం అక్కడ ఉంది.

ఎప్పుడు అనుమానించాలి? వాహనం పల్టీకొట్టినప్పుడు, బైక్ మీంచి ఎగిరిపడినప్పుడు, మిద్దె మీంచో చెట్టు మీంచో ట్రాక్టర్ మీంచో పడినప్పుడు, అహోబిలంలో మెట్ల మీంచి దొర్లినప్పుడు. మెడనొప్పి, నడుంనొప్పి, కాళ్లు తిమ్మిరెక్కడం, కదలకపోవడం, తెలియకుండా మూత్రం పోవడం ఉంటే అనుమానం ఇంకా బలపడాలి. స్పృహ లేకపోతే ఉందనే అనుకోండి. ఇక పెద్దవయసు ఆడవాళ్ల సంగతి వేరు. ఎముకలు గుల్లబారిన వాళ్లకు బాత్రూంలో జారి కూలబడినా వెన్నుపూస నలిగిపోవచ్చు. ‘కాస్త బెణికిందిలే’ అని తైలం మర్దనతో సరిపెట్టకుండా ఎక్స్‌రే తీయించండి.

అక్కడికి వెళ్లగానే ముందు మీ వాహనం లైట్లు వెలిగించి వెనకొచ్చేవాళ్లను ఆపించండి. 108కి ఫోన్ చేయండి. పడిపోయిన వ్యక్తి తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులతో తలను ఉన్న స్థితిలోనే కదలకుండా పట్టుకోండి. ‘తల ఆడించకండి, అంబులెన్స్ వస్తోంది, నేను ఇక్కడే ఉంటా’ అని చెప్పండి. ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్ లాగకండి. నీళ్లు పట్టకండి, వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆపరేషన్ అవసరమైనా ఇబ్బందే. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టండి.

వాంతి అవుతుంటే పక్కకు తిప్పక తప్పదు. అప్పుడు నలుగురైదుగురు కావాలి. ఆళ్లగడ్డ శిల్పశాలల్లో పెద్ద విగ్రహాన్ని జరపడం చూసే ఉంటారు. ఒకరు మాట ఇస్తే అందరూ ఒకేసారి కదుపుతారు, ఓ పక్క ముందు లేస్తే రాయి పగులుతుంది. ఇక్కడా అంతే. తల పట్టుకున్నవాళ్లే మాట ఇవ్వాలి. తల, భుజాలు, నడుం, కాళ్లు ఒకే దుంగలా కలిసి తిరగాలి. అంబులెన్స్ రాని చోటైతే వెడల్పాటి చెక్కమీదికో, తలుపు రెక్క మీదికో అలాగే చేర్చాలి.

మంటలు, నీళ్లు, మళ్లీ వాహనం గుద్దే ప్రమాదం ఉంటే మాత్రం వెన్నెముక సంగతి తర్వాత, ముందు బయటకు లాగాల్సిందే. ఊపిరి ఆగిపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి.

ఈ దారి ఎంత ప్రమాదకరమో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 ఏప్రిల్‌లో ఎమ్మెల్యే భూమా శోభా నాగిరెడ్డి నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వస్తుండగా, రోడ్డు మీద పోసిన వడ్ల కుప్పలను తప్పించబోయి వాహనం పల్టీకొట్టింది. మర్నాడు హైదరాబాద్‌లో ఆమె కన్నుమూశారు. కోతల కాలంలో రాత్రిపూట నెమ్మదిగా వెళ్లండి, వెనక సీట్లో ఉన్నా బెల్టు పెట్టుకోండి.

‘సాయం చేస్తే పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలి’ అన్న భయం ఇంకా పోలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఏ ప్రకారం సదుద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదు. మీ పేరు చెప్పమని కూడా ఎవరూ బలవంతం చేయకూడదు. తీవ్రంగా గాయపడినవాళ్లను వేళకు ఆసుపత్రికి చేర్చినవాళ్లకు కేంద్రం ఇచ్చే పారితోషికాన్ని 2025లో రూ.25,000కు పెంచారు.

వెన్నులో టైటానియం కడ్డీలతోనే అభిలాష్ టామీ 2022 సెప్టెంబరులో మళ్లీ అదే పోటీకి బయల్దేరారు. నవంబరులో ఫిన్లాండ్ నావికుడు టాపియో లెహ్టినెన్ పడవ మునిగిపోయి, ఆయన రబ్బరు తెప్ప మీద చిక్కుకున్నాడు. కబురందగానే అభిలాష్ తన పడవను అటు మళ్లించారు. దక్షిణాఫ్రికాకు చెందిన కిర్‌స్టన్ నోయిషాఫర్ ఆయనకంటే దగ్గర్లో ఉండటంతో ముందుగా చేరుకుని లెహ్టినెన్‌ను కాపాడింది. అతన్ని ఓ సరకు ఓడ ఎక్కించి తన దారి తాను పట్టింది. 2023 ఏప్రిల్‌లో ఆ పోటీలో మొదటి స్థానం ఆమెది, రెండో స్థానం అభిలాష్‌ది.