ఇంటి స్టూడియోలో తీగల పొందిక



కొన్ని మాసములకు పూర్వము మా మనుమడు తన గదిలో నేర్పఱచుకొన్న చిన్న స్టూడియోలో నాచేత భారతపద్యములు కొన్ని చదివించి ముద్రించెను. తిరిగి వినగా, నా కంఠమునకు శ్రుతి పట్టినట్లు రొద యొకటి యెడతెగక వినబడుచుండెను. తంబుర యేదియు నచట లేదు. పరికరముల నమర్చిన రాకు ముందువైపున నద్దమువలె నున్నది గాని, వెనుకకు పోయి చూతునుగదా, దువ్వెన యెఱుగని జడవలె తీగలు చిక్కుపడియున్నవి. “తాతయ్యా, ప్లగ్గుకున్న మూడో పిన్ను తీసేస్తే ఈ రొద పోతుందిట!” అని వాడు ఎవరో చెప్పిన యుపాయమును నాకు వినిపించెను. ఆ మాటయే నన్నీ ప్రసంగమునకు పురికొల్పినది.

రాకనగా పరికరములను ఒకదానిపై నొకటిగా బిగించు చట్రము. వాని ముఖఫలకముల వెడల్పు 19 అంగుళములు, ఎత్తు 1.75 అంగుళములు ఒక మెట్టుగా లెక్కింపబడును. మైక్రోఫోను స్వరమును పెంచు ప్రీ ఆంప్లిఫయరు, హెచ్చుతగ్గులను సవరించు కంప్రెసరు, ధ్వనిని కంప్యూటరున కందించు ఇంటర్‌ఫేసు మున్నగువాని రాకపోకల ద్వారములు చాలవఱకు వెనుకనే యుండును.

ఆ తీగలలో రెండు జాతులు కలవు. ఒకటి విద్యుత్తును తెచ్చునది. దానిలో 230 వోల్టులు సెకండునకు 50 ఆవృత్తములతో నూగులాడుచుండును. రెండవది ధ్వనిని మోయునది. మైక్రోఫోను తీగలో నుండునది వోల్టులో వెయ్యవవంతులు మాత్రమే. ఇవి ప్రక్కప్రక్కనే చాలదూరము సాగినచో బలవంతుని యూగులాట బలహీనునకు సంక్రమించును. కావున రాకు వెనుక నొక స్తంభము వెంట విద్యుత్తు తీగలను, రెండవ స్తంభము వెంట ధ్వని తీగలను కట్టవలెను. దాటక తప్పనిచోట అడ్డముగా, లంబకోణమున దాటింపవలెను.

ధ్వని తీగలలోను ‘బ్యాలెన్స్‌డ్’ అనునవి శ్రేష్ఠములు. వానిలో కవచము గాక రెండు తంతువు లుండును. ఒకదానిలోని సంకేతమునకు రెండవదానిలోనిది విపర్యయము. అందుకొను పరికరము రెంటి భేదమును మాత్రమే గ్రహించును. తక్కెడ తట్టలు రెంటను దుమ్ము సమముగా పడినచో ముల్లు కదలదు గదా! అట్లే, దారిలో రెండు తంతువులమీదను సమముగా పడిన రొద భేదములో నశించును.

ఇక మూడవ పిన్ను మాట. అది ఎర్తు, అనగా భూమితోడి సంబంధము. మా మనుమని గదిలో రాకు నొక గోడ సాకెట్టునకును, కంప్యూటరు వేఱొక గోడ సాకెట్టునకును తగిలించియుండిరి. రెంటికి నడుమ బ్యాలెన్స్‌డ్ కాని తీగ యుండెను. గోడలలోని ఎర్తు తీగలును, ఈ తీగ కవచమును కలిసి యొక వలయమాయెను. అందు పాఱు స్వల్పవిద్యుత్తే ఆ రొద. పిన్ను తీసినచో వలయము తెగును, రొద పోవును, అబద్ధము కాదు. కాని పరికరములో నేదేని తీగ సడలి లోహపు పెట్టెకు తగిలినచో, ఆ విద్యుత్తును భూమికి పంపి ఫ్యూజును తెంచు మార్గము అదియే. అది లేనినాడు ఆ 230 వోల్టులు తీగ కవచము వెంట మైక్రోఫోను వఱకు రావచ్చును. నేను పద్యము చదువునపుడు మైక్రోఫోను నా పెదవుల చెంతనే యున్నది! ఈ యుపాయము చెప్పినవానికి ఆ సంగతి తోచలేదు కాబోలు.

మేము చేసినది వేఱు. ఈ పరికరములు వాడుకొను విద్యుత్తు స్వల్పము గనుక అన్నిటిని ఒకే సాకెట్టు పలక నుండి నడపితిమి. నడిమి తీగను బ్యాలెన్స్‌డ్ తీగగా మార్చితిమి. దానికిని లొంగని రొదకు ధ్వనిమార్గములో నుంచు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు కలదు.

మాటిమాటికి రాకు వెనుకకు దూఱు శ్రమను తప్పించునది ప్యాచ్ బే. 19వ శతాబ్దిలో టెలిఫోను ఎక్స్ఛేంజి పలకలపై వెలసిన పావు అంగుళపు ప్లగ్గే నేటికిని దీనియందు వాడుకలో నున్నది. సాధారణముగా పైవరుసను 24, క్రిందివరుసను 24 రంధ్రములుండును. పరికరముల నుండి వెడలునవి పైనను, వానిలో ప్రవేశించునవి క్రిందను కలుపుదురు. ‘హాఫ్ నార్మల్’ పద్ధతిలో ఏ ప్లగ్గును పెట్టకున్నను పైది క్రిందిదానితో లోపలనే కలిసియుండును. క్రింద ప్లగ్గు పెట్టినపుడు మాత్రమే ఆ సంబంధము తెగును. నిత్యము వాడు మార్గము నిట్లమర్చుకొన్నచో చేతితో తగిలింపవలసిన పని స్వల్పము. మైక్రోఫోనులకు 48 వోల్టులు పంపు మార్గములను మాత్రము దీనిలోనికి తేకుండుట మేలు. ప్లగ్గు దూఱునపుడు క్షణకాలము పొరపాటు స్పర్శ కలిగి పరికరము చెడవచ్చును.

ప్రతి తీగకు రెండు కొనలను ఒకే అంకె వేసి, ఆ పట్టికను రాకు తలుపునకు అంటించితిమి. పరికరమును ముందుకు లాగుటకు మూర తీగ వదలును విడిచితిమి. ప్లాస్టిక్ బంధములు బిగిసి తీగను నొక్కును గావున గుడ్డపట్టీలతోనే కట్టితిమి. ఒక పగలెల్ల పట్టినది. సాయంకాలము పద్యములు మరల చదివితిని. రొద లేదు. నా దగ్గు మాత్రము రెండుచోట్ల స్పష్టముగా వినబడుచున్నది. దానికి తీగలు కారణము కావు.